షియర్ బ్యాండ్ లోపల ఎక్కడెక్కడ ఏముంది: లోహ గాజుల్లో నిర్మాణ భేదాలను కొలిచే పద్ధతి

లోహ గాజు అంటే అణువులు స్ఫటికంలా వరుసల్లో పేరకుండా, క్రమం లేకుండా గట్టిపడిన లోహ మిశ్రమం. దాని రిబ్బన్‌ను సూది చుట్టూ వంచి సూక్ష్మదర్శిని కింద పెడితే ఉపరితలం మీద సన్నని గీతలు కనిపిస్తాయి. అవే షియర్ బ్యాండ్లు. వాటి మందం సుమారు 10 నుంచి 20 నానోమీటర్లు. గది ఉష్ణోగ్రత వద్ద ఆ పదార్థంలో జరిగే శాశ్వత విరూపణ (ఆకార మార్పు) దాదాపు అంతా ఈ సన్నని పొరల్లోనే ఇమిడి ఉంటుంది. ఎం.టెక్. ప్రాజెక్టు నివేదికలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి: ఒక ఫొటో, దాని కింద ‘షియర్ బ్యాండ్లు ఏర్పడ్డాయి’ అనే వాక్యం. నా దృష్టిలో అసలు పని మొదలయ్యేది అక్కడే. బ్యాండ్ లోపల అణువుల అమరిక ఎలా మారింది, ఆ మార్పు బ్యాండ్ పొడవునా ఒకేలా ఉందా అన్న ప్రశ్నలకు జవాబు రావాలంటే నమూనా ఎంచుకునే రోజు నుంచే జాగ్రత్త పడాలి.

విజయవాడ, గుంటూరు పరిసరాల ఇంజినీరింగ్ కళాశాలల్లో మెటలర్జీ, మెకానికల్, భౌతికశాస్త్రం చదువుతూ ఈ అంశం మీద పని చేయాలనుకునేవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. పనిలో మొదటి సగం ఇక్కడే పూర్తవుతుంది. రెండో సగానికి పెద్ద ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి కాబట్టి మరో ఊరు వెళ్లాలి. మొదటి సగం సరిగా చేయకుండా వెళ్తే అక్కడ బుక్ చేసుకున్న గంటలు వృథా అవుతాయి.

ముందుగా తెలిసి ఉండాల్సింది

1960లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో పాల్ డ్యువే బృందం బంగారం–సిలికాన్ ద్రవాన్ని సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి మొదటి లోహ గాజును చూపింది. స్ఫటికం కట్టడానికి అణువులకు వ్యవధి దొరకలేదు. స్ఫటికం లేనప్పుడు డిస్‌లొకేషన్లు, అంటే స్ఫటికపు అణు వరుసల్లోని గీతల్లాంటి లోపాలు, ఉండవు. మామూలు ఉక్కు శాశ్వతంగా వంగేది వాటి కదలిక వల్లే. అవి లేని లోహ గాజు సుమారు 2 శాతం వికృతి (అసలు పొడవుతో పోల్చిన మార్పు) వరకు స్థితిస్థాపకంగా సాగి, ఆ హద్దు దాటగానే ఏదో ఒక సన్నని తలం వెంట జారిపోతుంది.

ఈ జారుడును వివరించడానికి 1977లో స్పేపెన్ ‘స్వేచ్ఛా ఘనపరిమాణం’, అంటే అణువుల మధ్య మిగిలే ఖాళీ, అనే భావనను వాడారు. 1979లో ఆర్గాన్ పదుల సంఖ్యలో అణువులు గుంపుగా కదిలే చిన్న మండలాల నమూనాను ముందుకు తెచ్చారు. రెండింటినీ కలిపి చదివితే బ్యాండ్ లోపల అణువులు వదులై ఉంటాయనీ, అక్కడ సాంద్రత తగ్గి ఉంటుందనీ అనిపిస్తుంది. చాలాకాలం అందరూ అలాగే భావించారు. తర్వాత జర్మనీలోని మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో రోస్నర్, విల్డే బృందం అల్యూమినియం–యిట్రియం–ఇనుము గాజులోని బ్యాండ్‌ను అడ్డంగానే కాక పొడవునా కొలిచి చూసింది. కొన్ని భాగాల్లో సాంద్రత చుట్టుపక్కల కంటే తక్కువ, కొన్ని భాగాల్లో ఎక్కువ, ఒకదాని తర్వాత ఒకటిగా తేలాయి. సాంద్రత మారే చోట బ్యాండ్ దిశ కూడా కొద్దిగా మళ్లుతోంది. వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణను చూడండి: పేరుకు ఒకే నది, లోపల మాత్రం ఒకచోట మడుగు, ఒకచోట ఇసుక మేట. బ్యాండ్‌ను కూడా ఈ చూపుతోనే కొలవాలి. ఒక్కచోట అడ్డంగా గీత గీసి తీసిన సంఖ్యను మొత్తం బ్యాండ్ లక్షణంగా రాయడం సరికాదు.

ఈ రంగంలో మనవారి కృషి తక్కువేమీ కాదు. కృష్ణా జిల్లాలో పుట్టి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, పాఠం చెప్పి, ఉపకులపతి కూడా అయిన పచ్చా రామచంద్రరావు అతివేగంగా చల్లార్చిన లోహాల మీద దేశంలో తొలి తరం పరిశోధన చేశారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉపద్రష్ట రామమూర్తి లోహ గాజుల యాంత్రిక ప్రవర్తన మీద చేసిన పనిని ఈ విషయం చదివేవారెవరూ దాటి పోలేరు.

మొదటి దశ: నమూనా

చేయి తిరగడానికి ఇనుము–సిలికాన్–బోరాన్ రిబ్బన్ చాలు. విద్యుత్ పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్ల అమార్ఫస్ కోర్లలో వాడేది ఇదే. మందం సుమారు 25 మైక్రోమీటర్లు. అయితే పాత కోరు నుంచి ఊడదీసిన రిబ్బన్ మీ పనికి రాదు. అయస్కాంత లక్షణాల కోసం కోరును వేడిచేసి ఉంటారు కాబట్టి అది పెళుసెక్కి, మడిస్తే పుటుక్కున విరుగుతుంది. వేడి చేయని తాజా రిబ్బన్ పూర్తిగా మడిచినా విరగదు. మడత పరీక్ష అర నిమిషం పని, దాన్ని వదిలేయకండి.

నిజమైన నిర్మాణ అధ్యయనానికి జిర్కోనియం లేదా పల్లాడియం ఆధారిత గాజు కడ్డీ మేలు. జిర్కోనియం, రాగి, నికెల్, అల్యూమినియం మిశ్రమాన్ని ఆర్క్ ఫర్నేస్‌లో కరిగించి రాగి అచ్చులోకి పీల్చి 2–3 మిల్లీమీటర్ల కడ్డీగా పోయించుకోవచ్చు. ఒక హెచ్చరిక: ప్రసిద్ధమైన విట్రెలాయ్–1 మిశ్రమంలో బెరీలియం ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. తగిన ఏర్పాట్లు లేని వర్క్‌షాపులో దాన్ని కోయవద్దు, సానపట్టవద్దు. బెరీలియం లేని మిశ్రమాలు ఎన్నో ఉన్నాయి.

నమూనా అస్ఫటికమేనని ఎక్స్‌ఆర్‌డీతో (ఎక్స్‌రే వివర్తనంతో) నిర్ధారించుకోండి. పదునైన శిఖరాలు ఉండకూడదు, వెడల్పాటి మూపురం మాత్రమే రావాలి. కొద్ది శాతం స్ఫటికాలుంటే ఎక్స్‌ఆర్‌డీకి అందవు కాబట్టి డీఎస్‌సీ (వేడి చేస్తూ ఉష్ణ మార్పులు కొలిచే పరీక్ష) కూడా చేయించి గాజు పరివర్తన ఉష్ణోగ్రతను (గాజు మెత్తబడటం మొదలయ్యే ఉష్ణోగ్రతను), స్ఫటికీకరణ ఉష్ణాన్ని నమోదు చేసుకోండి. అదే కడ్డీ నుంచి, అదే రిబ్బన్ చుట్ట నుంచి ఒక ముక్కను విరూపణ చేయకుండా విడిగా దాచండి. తర్వాతి ప్రతి పోలికకూ అదే ఆధారం. రిబ్బన్ అయితే తయారీలో ద్రవాన్ని చల్లార్చిన చక్రాన్ని తాకిన వైపు ఏదో, గాలి తగిలిన వైపు ఏదో గుర్తు పెట్టుకోవాలి. రెండు వైపులా చల్లారిన వేగం ఒకటి కాదు.

రెండో దశ: విరూపణ

రిబ్బన్‌ను ఎంత వంచాలో ముందే లెక్క కట్టవచ్చు. మందాన్ని, సూది వ్యాసం–రిబ్బన్ మందం కలిపిన మొత్తంతో భాగిస్తే బయటి ఉపరితల వికృతి వస్తుంది. 25 మైక్రోమీటర్ల రిబ్బన్‌ను 1 మిల్లీమీటరు సూది చుట్టూ చుడితే సుమారు 2.4 శాతం, అంటే హద్దు అప్పుడే దాటినట్లు. 0.6 మిల్లీమీటరు సూది అయితే 4 శాతం. మొదట 2 మిల్లీమీటర్ల పిన్నుతో మొదలుపెట్టి, గీతలు రాలేదని చూసుకుని, క్రమంగా సన్నని సూదులకు దిగండి. వంపు బయటి వైపు తన్యత (సాగదీత), లోపలి వైపు సంపీడనం (నొక్కుడు). ఈ తేడాను తేలికగా తీసుకోవద్దు. 1994లో చెన్, షిఫ్లెట్, పూన్ తదితరులు వంచిన అల్యూమినియం గాజు రిబ్బన్ బ్యాండ్లలో నానోస్ఫటికాలు పుట్టాయని చూపారు. 2003లో జియాంగ్, అట్జ్‌మన్ మరో అల్యూమినియం గాజులో అవి సంపీడనం వైపే కనిపించాయని తేల్చారు. ఏ వైపు నుంచి తీసిన నమూనానో రాసుకోకపోతే మీ ఫలితానికి అర్థం ఉండదు.

కడ్డీకి సంపీడన పరీక్ష చేస్తారు. ఎత్తు వ్యాసానికి రెట్టింపు ఉండాలి, రెండు చివరలూ సమాంతరంగా ఉండాలి. విజయవాడ ఆటోనగర్‌లో నైపుణ్యమున్న టర్నర్లు ఎందరో ఉన్నారు. వారికి డ్రాయింగ్ ఇచ్చి, అక్షానికి లంబంగా చివరలు ఉండేలా పట్టే ఫిక్చర్ చేయించుకుంటే సానపట్టేటప్పుడు చాలా శ్రమ తగ్గుతుంది. చివరలు ఏటవాలుగా ఉంటే ఒత్తిడి ఒక మూలకు చేరి అక్కడ అనేక బ్యాండ్లు పుట్టుకొస్తాయి. పదార్థానికి లేని సాగుడు గుణం ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. వికృతి వేగం సెకనుకు పదివేలలో ఒక వంతు ఉంటే చాలు. లోడ్ వక్రరేఖలో రంపపు పళ్లు మొదలయ్యాక, ఒకటి రెండు శాతం ప్లాస్టిక్ వికృతి దగ్గర యంత్రాన్ని ఆపండి.

ముక్క విరిగిపోతే ఆ పగులు తలాన్ని బ్యాండ్ అధ్యయనానికి వాడకండి. 2006లో లెవాండోస్కీ, గ్రియర్ లోహ గాజు మీద పల్చటి తగరం పూత పూసి వంచి చూశారు. బ్యాండ్ల దగ్గర తగరం కరిగి పూసలు కట్టింది. తగరం కరిగేది 232 డిగ్రీల వద్ద. వేగంగా జారిన బ్యాండ్‌లో అంత వేడి పుడుతుంది. విరిగిన ముక్కలో మీరు చూసేది విరూపణ చేసిన పనా, వేడి చేసిన పనా విడదీయడం కష్టం. మధ్యలో ఆగిపోయిన బ్యాండే మీకు కావాలి.

పరీక్షకు ముందే కడ్డీకి ఒక పక్క చదునుగా సానపట్టి అద్దంలా మెరుగు పెట్టండి. పరీక్ష తర్వాత మెరుగు పెడితే, జారుడు వల్ల ఉపరితలం మీద ఏర్పడిన బ్యాండ్ మెట్టు చెరిగిపోతుంది.

మూడో దశ: పటం గీయడం

కళాశాల మెటలర్జికల్ మైక్రోస్కోపే ఇక్కడ ప్రధాన సాధనం. పక్క నుంచి వెలుతురు పడితే మెట్లు బాగా తేలుతాయి. ప్రతి బ్యాండ్‌కూ సంఖ్య ఇవ్వండి. సంపీడనంలో ప్రధాన బ్యాండ్లు అక్షానికి 45 డిగ్రీల కంటే కొద్దిగా తక్కువ కోణంలో, సుమారు 42 దగ్గర వస్తాయి. వాటిని కలిపే చిన్న బ్యాండ్లు, ఒకదానినొకటి కోసుకునే చోట్లు విడిగా గుర్తించండి. ఏఎఫ్‌ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) లేదా ప్రొఫైలోమీటర్ (ఉపరితల ఎత్తుపల్లాలు కొలిచే సాధనం) దొరికితే మెట్టు ఎత్తు కొలిచి, బ్యాండ్ వెంట ఎంత జారుడు జరిగిందో లెక్కించండి. 50 నానోమీటర్లు జారిన బ్యాండ్‌నూ 5 మైక్రోమీటర్లు జారిన బ్యాండ్‌నూ ఒకే గాటన కట్టలేం. దారి తెలియడానికి ఇండెంటర్‌తో (గట్టి మొనతో నొక్కి గుంట చేసే సాధనంతో) గుర్తులు పెట్టుకోవచ్చు. కానీ ఇండెంట్ కూడా తన చుట్టూ బ్యాండ్లు పుట్టిస్తుంది కాబట్టి గుర్తు బాగా దూరంగా ఉండాలి.

నానోఇండెంటేషన్ (అతి చిన్న గుంటలతో కాఠిన్యం కొలిచే) సౌకర్యం ఉంటే బ్యాండ్‌కు అడ్డంగా ఒక వరుస గుంటలు వేయించండి. కాఠిన్యం తగ్గిన ప్రాంతం బ్యాండ్ మందం కంటే ఎన్నో రెట్లు వెడల్పుగా, మైక్రోమీటర్ల మేర ఉంటుందని చాలా కొలతలు చూపాయి. అంటే బ్యాండ్ పక్కనే ఉన్న గాజును ‘మార్పు లేని గాజు’గా లెక్కించకూడదు. మొదటి రోజు దాచిన ముక్క అవసరం ఇక్కడ తెలుస్తుంది.

నాలుగో దశ: పలుచటి పొర తీయడం

ఎలక్ట్రాన్లు దూరి పోవాలంటే నమూనా 50–100 నానోమీటర్ల మందానికి రావాలి. ముందు విరూపణ, తర్వాత పలుచన చేయడం: ఈ వరుసను తారుమారు చేయకండి. పలుచటి పొరను వంచితే వచ్చే బ్యాండ్ ముద్ద పదార్థంలోని బ్యాండ్‌లా ప్రవర్తించదు.

మార్గాలు రెండు. ద్రావణంలో విద్యుత్ పంపి లోహాన్ని కరిగించే ఎలక్ట్రోపాలిషింగ్‌లో వేడి, అయాన్ల దెబ్బ ఉండవు. పెద్ద ప్రాంతం దొరుకుతుంది. కానీ పెర్క్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావణాలను సున్నాకు ఎంతో దిగువ ఉష్ణోగ్రతలో ఉంచి వాడాలి. మే నెలలో విజయవాడ ప్రయోగశాలలో చల్లబరిచే ఏర్పాటు లేకుండా ఆ సీసా తెరవడం ప్రాణాంతకం, ఆ పని చేయవద్దు. రెండోది అయాన్ల సన్నని పుంజంతో చెక్కే ఫోకస్డ్ అయాన్ బీమ్, అందరూ ఫిబ్ అనేది. దీనితో మీరు పటంలో గుర్తించిన బ్యాండ్ నుంచే, మీకు కావలసిన చోటే పొర తీయవచ్చు. గాలియం అయాన్లు ఉపరితలాన్ని పాడు చేస్తాయి కనుక చివరి మెరుగు 5 కిలోవోల్టులు లేదా అంతకంటే తక్కువలో, తక్కువ ప్రవాహంతో జరగాలని ఆపరేటర్‌కు ముందే చెప్పండి. వీలైతే ఒకే నమూనా నుంచి రెండు పద్ధతుల్లోనూ పొరలు తీయించండి. కారణం తర్వాతి దశలో ఉంది.

పొరను బ్యాండ్‌కు అడ్డంగా కోసినంత మాత్రాన సరిపోదు. బ్యాండ్ తలం పొర ఉపరితలానికి లంబంగా నిలవాలి. అలాగే బ్యాండ్ పొడవులో కనీసం రెండు మూడు మైక్రోమీటర్లు పొరలో ఉండాలి. చాలామంది బ్యాండ్ తగిలిందన్న సంతోషంలో అర మైక్రోమీటరు ముక్కతో సరిపెట్టుకుంటారు. పొడవునా వచ్చే మార్పు అంత చిన్న ముక్కలో బయటపడకపోవచ్చు.

ఐదో దశ: సూక్ష్మదర్శిని ముందు

హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ప్రయోగశాలల్లోని ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినులను (టెమ్‌లను) బయటి విద్యార్థులు బుక్ చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వ ఐ–స్టెమ్ పోర్టల్ ఉంది. దరఖాస్తులో ‘టెమ్ కావాలి’ అని ఊరుకోకుండా, స్కానింగ్ విధానంలో హెచ్‌ఏఏడీఎఫ్ డిటెక్టరు (పెద్ద కోణాల్లో చెదిరిన ఎలక్ట్రాన్లను లెక్కించేది), ఈల్స్ (ఎలక్ట్రాన్లు కోల్పోయిన శక్తిని కొలిచేది), ఈడీఎస్ (ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించేది), నానో బీమ్ వివర్తనం (అతి సన్నని పుంజంతో అణు అమరికను చూసేది) అవసరమని స్పష్టంగా రాయండి. పొరలను సిలికా జెల్ ఉన్న పెట్టెలో తీసుకెళ్లండి. మన తేమకు అల్యూమినియం, జిర్కోనియం గాజుల మీద ఆక్సైడ్ పేరుకుంటుంది.

మామూలు టెమ్ చిత్రంలో బ్యాండ్ తెల్లగా కనిపించగానే సాంద్రత తగ్గిందని నిర్ణయించకండి. ఫోకస్ కొద్దిగా పైకీ కిందికీ మార్చి చూడండి. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా మారితే అది ఫ్రెనెల్ వివర్తన ప్రభావం, అంటే ఫోకస్ తప్పినప్పుడు ఎలక్ట్రాన్ తరంగాలు అంచుల దగ్గర పుట్టించే తేడా. బ్యాండ్ ఎక్కడుందో కనిపెట్టడానికి పనికొస్తుంది, కొలవడానికి పనికిరాదు. కొలతకు హెచ్‌ఏఏడీఎఫ్ చిత్రమే ఆధారం. అందులో తీవ్రత మందం, పరమాణు సంఖ్య, సాంద్రత అనే మూడింటి మీద ఆధారపడుతుంది. మొదటి రెండూ మారలేదని చూపగలిగితేనే మూడోదాని గురించి మాట్లాడే హక్కు మీకు వస్తుంది.

వంపు సరిచేయడం మొదటి పని. 100 నానోమీటర్ల పొరలో బ్యాండ్ 5 డిగ్రీలు వాలి ఉంటే దాని నీడ సుమారు 9 నానోమీటర్లు వెడల్పవుతుంది. 10 డిగ్రీలైతే 17 పైనే, అంటే బ్యాండ్ అసలు మందమంత. అప్పుడు వెడల్పు అబద్ధం, సాంద్రత తేడా కూడా పలచబడిపోతుంది. హోల్డర్‌ను డిగ్రీ డిగ్రీ తిప్పుతూ బ్యాండ్ అతి సన్నగా, అతి స్పష్టంగా కనిపించే చోట ఆపండి.

తర్వాత మందం. ఇక్కడ ఎక్కువ సమయం వెచ్చించండి, ఎందుకంటే ఎక్కువ పొరపాటు నిర్ణయాలు ఇక్కడే పుడతాయి. బ్యాండ్ చుట్టుపక్కల కంటే తొందరగా కరిగే స్వభావం ఉన్నదైతే పలుచన చేసేటప్పుడు దాని వెంట గాడి పడుతుంది. 60 నానోమీటర్ల పొరలో రెండు వైపులా ఒకటిన్నర నానోమీటర్ల గాడి చాలు, తీవ్రత 5 శాతం పడిపోతుంది. సాంద్రత తగ్గినట్లే కనిపిస్తుంది. ఈల్స్‌తో మందం పటం తీయండి. కానీ ఈల్స్ ఇచ్చేది మందాన్ని ఎలక్ట్రాన్ సగటు స్వేచ్ఛా పథంతో భాగించిన విలువ. ఆ పథం కూడా సాంద్రతతో మారుతుంది కాబట్టి దాన్ని నేరుగా మందంగా చదవకండి. ఎలక్ట్రోపాలిషింగ్ పొరలోనూ ఫిబ్ పొరలోనూ ఒకే రకమైన తేడా వస్తే గాడి అనుమానం చాలావరకు తీరుతుంది. బ్యాండ్ వెంట తీవ్రత ఒకచోట తగ్గి మరోచోట పెరిగితే అది ఇంకా బలమైన సాక్ష్యం. గాడి తీవ్రతను తగ్గించగలదే తప్ప పెంచలేదు. ఈడీఎస్‌తో మూలకాల నిష్పత్తిని కూడా బ్యాండ్ లోపల, బయట పోల్చండి.

ఆరో దశ: పొడవునా కొలవడం

డిటెక్టరు నేపథ్య విలువను తీసివేశాక, బ్యాండ్ వెంట 20–30 నానోమీటర్ల పొడవున్న చిన్న పెట్టెలను వరుసగా అమర్చండి. ప్రతి పెట్టెలో బ్యాండ్‌కు అడ్డంగా తీవ్రత సగటు తీయండి. రెండు వైపుల గాజు మీదుగా సరళరేఖ గీసి మందం నెమ్మదిగా మారే ప్రభావాన్ని తొలగించండి. మిగిలిన తేడాను చుట్టుపక్కల తీవ్రతతో భాగిస్తే, పలుచటి పొరలో, కూర్పు మారనప్పుడు, అది సాంద్రత తేడాకు దగ్గరగా ఉంటుంది. ఈ విలువలను బ్యాండ్ పొడవుకు ఎదురుగా గ్రాఫ్ గీయండి. పక్కనే బ్యాండ్ దిశ ఎక్కడెక్కడ ఎంత మళ్లిందో మరో గ్రాఫ్ వేయండి. రెండింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టినప్పుడు సంబంధం ఉంటే కంటికే తెలుస్తుంది.

ఇప్పుడు తప్పనిసరి పరీక్ష ఒకటి. బ్యాండ్‌కు సమాంతరంగా 200 నానోమీటర్ల దూరంలో, ఏ బ్యాండూ లేని చోట ఒక ఊహాగీత గీసి, దాని మీద కూడా ఇదే లెక్క మొత్తం చేయండి. అస్ఫటిక పదార్థంలో సహజంగా ఉండే చుక్కచుక్కల హెచ్చుతగ్గులు ఆ గీత మీద కూడా కొంత ‘తేడా’ను చూపుతాయి. ఆ చెదురు ఎంతో అదే మీ కొలత హద్దు. దానికంటే చిన్న తేడాను ఫలితంగా రాయకూడదు. ఇలాంటి ఊహాగీతలు కనీసం నాలుగైదు వేయమని నా గట్టి సూచన.

ఏడో దశ: అమరికను చూడటం

సాంద్రత ఒక్కటే నిర్మాణం కాదు. 1 నుంచి 2 నానోమీటర్ల బీమ్‌తో బ్యాండ్ మీద వందల బిందువుల దగ్గర వివర్తన చిత్రాలు సేకరించండి. మొదటి వలయం వ్యాసార్థం సగటు అణు దూరాన్ని సూచిస్తుంది. ఘనపరిమాణం 1 శాతం మారితే, సాధారణ జ్యామితి ప్రకారం ఆ వ్యాసార్థం మారేది శాతంలో మూడో వంతు మాత్రమే. అంత చిన్న మార్పు పట్టాలంటే కెమెరా పొడవు, లెన్సు వక్రత ముందుగా బంగారు పొరతో సరిచూసి ఉండాలి. వలయం కోడిగుడ్డు ఆకారంలో సాగితే అది మిగిలిపోయిన వికృతి కావచ్చు, లెన్సు లోపం కావచ్చు. దూరంగా ఉన్న గాజులో వలయం గుండ్రంగా ఉందో లేదో చూస్తే తేలిపోతుంది.

వలయం వెంట తీవ్రత ఒక బిందువు నుంచి మరో బిందువుకు ఎంత చెదురుతుందో లెక్కిస్తే, ఒకటి నుంచి కొన్ని నానోమీటర్ల మేర ఉండే మధ్య శ్రేణి క్రమం బయటపడుతుంది. ఈ పద్ధతిని ఫ్లక్చుయేషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అంటారు. సాంద్రత ఎక్కువున్న భాగాన్నీ తక్కువున్న భాగాన్నీ విడివిడిగా లెక్కించండి. రెండింటినీ కలిపేస్తే వాటి తేడాలు సగటులో కలిసిపోయి, ఇంత శ్రమా పోతుంది. పొర మందం మారితే ఈ చెదురు కూడా మారుతుంది కాబట్టి ఒకే మందమున్న చోట్లనే పోల్చాలి. ఎక్కడైనా వలయం మీద పదునైన చుక్కలు మెరిస్తే నానోస్ఫటికాలు ఉన్నాయేమో చూసుకోండి. అవి బీమ్ వేడికి పుట్టాయా అన్నది తెలుసుకోవడానికి అదే చోట రెండోసారి చిత్రం తీసి పోల్చండి.

ఎనిమిదో దశ: వేడి చేసి మళ్లీ చూడటం

బ్యాండ్‌లో అణువుల కదలిక అసాధారణం. 2011లో బోకెలో, డివిన్‌స్కీ, విల్డే తదితరులు పల్లాడియం–నికెల్–ఫాస్ఫరస్ గాజులో రేడియోధార్మిక వెండితో కొలిచినప్పుడు బ్యాండ్ లోపలి వ్యాపనం (అణువులు పదార్థంలో పాకడం) చుట్టుపక్కల కంటే 10 కోట్ల రెట్లకు పైగా వేగంగా ఉందని తేలింది. అందువల్ల విరూపణ చేసిన తేదీ, పొర తీసిన తేదీ, చూసిన తేదీ మూడూ నోటుపుస్తకంలో ఉండాలి. మధ్యలో నమూనా ఏ ఉష్ణోగ్రతలో ఉందో కూడా రాయండి.

అదే కడ్డీ నుంచి విరూపణ చేసిన మరో ముక్కను గాజు పరివర్తన ఉష్ణోగ్రతకు దిగువన కొంతసేపు వేడి చేసి, కొత్త పొర తీసి, ఐదు నుంచి ఏడు వరకు దశలన్నీ మళ్లీ చేయండి. పలుచటి పొరనే వేడి చేస్తే ఉపరితల ప్రభావం కలిసిపోతుంది. వదులుగా ఉన్న భాగాల తేడా వేడికి తగ్గిందా, దట్టంగా ఉన్న భాగాలు అలాగే ఉన్నాయా, రెండూ ఒకే వేగంతో మారాయా అన్నది విడివిడిగా రాయండి. నివేదికలో ఒక్కో బ్యాండ్‌కు పొడవునా గీసిన గ్రాఫ్, దాని జారుడు పరిమాణం, తన్యత వైపా సంపీడనం వైపా అన్న వివరం, ఊహాగీతల చెదురు ఒకే పేజీలో కనిపించాలి. సగటు సంఖ్య ఇవ్వాలనుకుంటే ఆ పేజీ తర్వాతే ఇవ్వండి.